గేదె తిన్న రొట్టెలు

"నాలుగూనా అత్తయ్యా?"

"నాలుగూ."

"ఒక్కటన్నా మిగల్లేదా?"

"ఒకటి మిగిల్చుకుని ఏం చేసుకుంటాను? నోరులేని పశువు, పెట్టినంతా తిన్నది. కాయితం కూడా తినబోయింది, నేనే లాగేశాను."

ఆ మాట చెప్పి మాణిక్యమ్మ చేటలో బియ్యం ఏరుకోవడంలో పడింది. ఎంత శ్రద్ధగా ఏరుతోందంటే, చూసినవాళ్ళు ఈవిడకు బియ్యం తప్ప లోకమే తెలియదనుకుంటారు.

రాజ్యలక్ష్మి అలమర తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నిన్న సాయంత్రం మొగుడు కృష్ణారావు గవర్నరుపేట నుంచి స్కూటరు మీద తెచ్చిన రొట్టెలు అవి. మైనపు కాగితాలు విప్పకుండా జాగ్రత్తగా అలమరలో పెట్టింది. పొద్దున పాలవాడు ఎప్పటిలా గేదెను ఇంటిముందుకు తోలుకొచ్చి పాలు పిండాడు. ఇవాళ గేదె బుద్ధిగా నిలబడిందని మెచ్చుకుంటూ వెళ్ళాడు. ఎందుకు నిలబడదు? భవానీపురంలో ఏ గేదెకు జరిగింది అంత మర్యాద?

"అత్తయ్యా, అవి పార్టీకి తెచ్చినవని నిన్ననే చెప్పాను కదా!"

"చెప్పావు. నేను నమ్మలేదు."

"నమ్మకపోవడమేమిటి?"

"పార్టీకి రొట్టె పెడతారటే ఎక్కడన్నా? పెళ్ళికి లడ్లు పెడతారు. పేరంటానికి శనగలు పెడతారు. రొట్టె పెట్టేది మంచం మీద ఉన్నవాళ్ళకి. అట్లాంటిది ఇంట్లో ఉంచకూడదు. ఉంచితే మంచిది కాదు."

ఇక్కడ మాణిక్యమ్మ తరఫున ఒక్కమాట చెప్పకపోతే అన్యాయం. హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఆవిడ ఎరిగిన ఊళ్ళలో బతికి బాగున్న మనిషి ఎవడూ రొట్టె తినడు. జ్వరం తగిలితే పాలల్లో ముంచుకుని తింటాడు, తగ్గిన రోజున పథ్యం తిని దాని మొహం మళ్ళీ చూడడు. ఎవరన్నా బస్సు దిగి చేతిలో రొట్టెతో నడుస్తుంటే, "ఎవరికండీ బాగాలేదు?" అని అరుగుల మీద వాళ్ళు పలకరిస్తారు. అది అక్కడి పద్ధతి.

కానీ రాజ్యలక్ష్మి ఇవాళ ఆ పద్ధతులు తలుచుకునే స్థితిలో లేదు. సాయంత్రం నాలుగింటికి సంపూర్ణమ్మగారు టీకి వస్తున్నారు.

సంపూర్ణమ్మగారంటే పోయిన జడ్జిగారి భార్య. ఆవిడ మేడ కింద ఓ పెద్ద గది ఖాళీగా ఉంది. దాన్ని చీరల కొట్టుకిమ్మని ఒకాయన తిరుగుతున్నాడు, చిన్నపిల్లల బడికిమ్మని రాజ్యలక్ష్మి అడిగింది. బి.ఏ. చదివి, ఇన్నేళ్ళూ వీధి పిల్లలను సాయంత్రాలు పంచలో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించిన మనిషి. ఇప్పుడు పంచ చాలడం లేదు, పిల్లలు మెట్ల మీద కూర్చుంటున్నారు. ఒక్క గది, గోడకు ఒక నల్లబల్ల ఉంటే చాలు, అదే ఆవిడ కల.

"ఇల్లు నడిపే తీరు చూస్తే బడి నడిపే తీరు తెలుస్తుంది. ఆదివారం మీ ఇంటికి టీకి వచ్చి, అక్కడే చెబుతాను" అన్నారు సంపూర్ణమ్మగారు. "నూనె సరుకు వద్దమ్మాయ్. పళ్ళాలూ చెంచాలూ పెట్టి హడావిడి చెయ్యకు. శాండ్‌విచ్‌లూ, వేళ్ళతో తీసుకుని నోట్లో వేసుకునే చిన్న చిన్నవీ చాలు."

రాజ్యలక్ష్మి ఇంటికొచ్చి మొగుడితో రోషంగా అనేసింది. "ఆదివారం గది రాకపోతే బడి మాట జన్మలో ఎత్తను. మీరూ మీ అమ్మగారూ సుఖంగా ఉందురుగాని."

అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు ఆవిడ. అదీ వచ్చిన చిక్కు.

పదకొండు దాటాక, మళ్ళీ రొట్టెల కోసం వెళ్ళిన కృష్ణారావు స్కూటరు ఆగిన చప్పుడైంది. రాజ్యలక్ష్మి పరుగున గుమ్మంలోకి వచ్చింది. ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఆదివారం బట్టీ వెయ్యరట. నిన్నటి సరుకు నిన్ననే అయిపోయింది. ఇంకో రెండు కొట్లూ చూశాను. బన్నులున్నాయి తెమ్మంటావా?"

"బన్నుతో శాండ్‌విచ్ చేస్తారటండీ?"

"నాకేం తెలుసు? నేను తిన్నానా, చేశానా?"

వెనకనుంచి నవ్వు వినిపించింది. పక్కింటి అమలమ్మ పిట్టగోడ మీదుగా తొంగి చూస్తోంది. ఆవిడ మొగుడు లాజరు రైల్వేలో గార్డు. రైల్వే వాళ్ళ క్రిస్మస్ టీలలో చేయి తిరిగిన మనిషి కాబట్టి ఇవాళ్టి పార్టీకి ప్లానంతా ఆవిడదే. కీరదోస ముక్కలతో ఒక రకం శాండ్‌విచ్, కొత్తిమీర పచ్చడితో ఒక రకం, అంచులు కోసి మూడుమూలలుగా. ఇంకా అనాసపండు, ద్రాక్ష, ఉడికిన చిన్న బంగాళాదుంపలు పుల్లలకు గుచ్చి, ఆ పుల్లలను సగం కోసి బోర్లించిన బొప్పాయికాయకు గుచ్చాలి.

"వదినగారూ, కంగారు పడకండి. రొట్టె లేకపోతే ఏం, ఇంకోటి ఆలోచిద్దాం" అంటూ కొంగు దోపుకుని వచ్చేసింది అమలమ్మ.

ముగ్గురూ వంటింట్లో సమావేశమయ్యారు. మాణిక్యమ్మ మూలన కూర్చుని వంకాయలు తరుగుతోంది. సమావేశంలో సభ్యురాలు కాదు, కానీ చెవులు ఇటే ఉన్నాయి.

"ఇడ్లీని అడ్డంగా కోసి మధ్యలో పచ్చడి పూస్తే?" అంది అమలమ్మ.

"అప్పుడది పచ్చడి పూసిన ఇడ్లీ అవుతుంది."

"పోనీ దిబ్బరొట్టె వేసి ముక్కలు కొయ్యకూడదూ? అదీ రొట్టేగా!" అన్నాడు కృష్ణారావు. ఆయనకు దిబ్బరొట్టె ప్రాణం.

"జడ్జిగారి భార్యకు దిబ్బరొట్టె పెట్టి శాండ్‌విచ్ అంటే శిక్ష వేస్తుందండీ బాబూ."

"మన ఇంట్లో తినేదేదో అదే పెడితే ఏం? ఆవిడేమన్నా సీమదొరసానా?"

"ఆవిడ అడిగింది ఒకటండీ. అడిగిన ఒక్కటీ పెట్టలేకపోయిన మనిషి రేపు నలభైమంది పిల్లలను ఏం చూస్తుందనుకోదూ?" అంది రాజ్యలక్ష్మి.

మూలనుంచి మాణిక్యమ్మ అంది. "నలభైమందా! ఊరి పిల్లల ముక్కులు తుడవడానికి నా కోడలే దొరికిందా వీళ్ళకి?"

అంతే. పొద్దున్నుంచి ఉగ్గబట్టుకున్నదంతా రాజ్యలక్ష్మి నోట్లోంచి వచ్చేసింది.

"తెలుసత్తయ్యా. మీకు బడి ఇష్టం లేదు. మొదట్నుంచీ లేదు. నాతో చెబితే సరిపోయేది కదా, గేదెతో తినిపించడమెందుకు? కావాలనే చేశారు మీరు."

కత్తిపీట మీద మాణిక్యమ్మ చెయ్యి ఆగిపోయింది.

కృష్ణారావు గడియారం వంక చూశాడు. అమలమ్మ బొప్పాయికాయ వంక చూసింది. అత్తగారిని ఎదురుగా ఇంత మాట రాజ్యలక్ష్మి ఎన్నడూ అనలేదు. అన్నందుకు ఆ క్షణానే నాలుక కరుచుకుంది, అయినా కోపం తగ్గలేదు.

మాణిక్యమ్మ వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో వేసి, చేతులు కడుక్కుని, తన గదిలోకి వెళ్ళింది. ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి. తిరిగొచ్చి ఒక చిన్న కట్ట బల్ల మీద పెట్టింది. విస్తర్లు కుట్టే పుల్లలు. సన్నగా చీల్చి, ఎండబెట్టి, దారంతో కట్టినవి.

"ఆ ముక్కలేవో గుచ్చాలన్నారుగా. బజార్లో పుల్లలు దొరకలేదని నిన్న అనుకుంటుంటే విన్నాను" అంది, ఎవరి మొహమూ చూడకుండా. అని పంచలోకి పోయి కూర్చుంది.

అమలమ్మ గుసగుసగా అంది. "కావాలని చేసిన మనిషి పుల్లలిస్తుందా వదినగారూ?"

"అమలా, నువ్వు బంగాళాదుంపలు తొక్క తియ్యి" అంది రాజ్యలక్ష్మి విసురుగా.

మధ్యాహ్నం భోజనాలు ముభావంగా సాగాయి. అత్తగారు మజ్జిగలోకి ఉప్పు కావాలన్నా కొడుకునే అడిగింది. కోడలు వడ్డిస్తూ, "ఏవండీ, ఇంకాస్త కూర కావాలేమో అడగండి" అంది, పక్కనే ఉన్న అత్తగారిని గురించి. మధ్యలో కృష్ణారావు ఇద్దరికీ తపాలా బంట్రోతు అయ్యాడు.

చివరికి ఓ నిర్ణయానికి వచ్చారు. శాండ్‌విచ్ లేదు. పుల్లల బొప్పాయి, జీడిపప్పు, అమలమ్మ చేసిన బిస్కట్లు. అంతే. అడిగితే నిజం చెప్పేయడమే.

"గేదె తిన్నదని చెబుతావా?" అన్నాడు కృష్ణారావు.

"మీ అమ్మగారు పెట్టారని మాత్రం చెప్పనులెండి."

ఆ మాట పంచలో ఉన్న మాణిక్యమ్మకు వినపడింది. పైకి ఏమీ తెలియనివ్వలేదు.

బొప్పాయి తయారైంది. పళ్ళెంలో బోర్లించి, ఒళ్ళంతా పుల్లలు గుచ్చి, పుల్లపుల్లకీ రంగురంగుల ముక్కలు పెట్టారు. అమలమ్మ చేతులు నడుమున పెట్టుకుని మురిసిపోతూ చూస్తోంది. కృష్ణారావుకు మాత్రం అది అలిగిన ముళ్ళపందిలా కనిపించింది. పైకి అనలేదు, ఈ ఇంట్లో ఇవాళ ఒక అలక చాలు.

సరిగ్గా అప్పుడే వీధిలో రిక్షాలు ఆగాయి. ఒకటి కాదు, మూడు.

"ఒరేయ్ కిష్టా! ఒరే నాయనా!" అన్న కేక గేటు దాటకముందే ఇంట్లోకి వచ్చింది.

మాణిక్యమ్మ తమ్ముడు వెంకటప్పయ్య. వెనక ఆయన భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆ వెనక కృష్ణారావు పెదనాన్న కొడుకు రత్తయ్య, ఇంకా ఊరివాళ్ళు నలుగురు. ఒకరి చేతిలో బత్తాయిల సంచి, ఒకరి చంకలో హార్లిక్సు సీసా, ఇంకొకరి భుజాన కొబ్బరిబోండాల గెల. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదేననుకుంది రాజ్యలక్ష్మి.

కృష్ణారావు బనీనుతో, చేతిలో అనాసపండు ముక్కతో, గుమ్మంలోకి వచ్చాడు.

వెంకటప్పయ్య నోరు తెరుచుకుని చూశాడు. "లేచి తిరుగుతున్నావేమిట్రా?"

"తిరక్క ఏం చెయ్యమంటావు మావయ్యా?"

"నిన్ను మంచం మీద నుంచి కదలనివ్వట్లేదన్నారే! ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డులన్నీ వెతికామురా. ఒకచోట ఎవరో దుప్పటి కప్పుకుని పడుకుంటే నువ్వేననుకుని మీ అత్తయ్య ఘొల్లుమంది. ఆ మనిషి అదిరిపడి లేచి కూర్చున్నాడు పాపం!"

"నాకు బాగాలేదని ఎవరు చెప్పారు?"

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రత్తయ్య గొంతు సవరించుకున్నాడు. "నిన్న రాత్రి బస్సు కండక్టరు జంక్షన్లో కిళ్ళీకొట్టు దగ్గర చెప్పాడటరా, మీ ఇంటికి రొట్టెలు వచ్చాయని. కిళ్ళీకొట్టువాడు మా పాలేరుకు కిష్టారావుకు జ్వరమని చెప్పాడు. పాలేరు ఇంటికొచ్చి ఆసుపత్రిలో పెట్టారన్నాడు. తెల్లారేసరికి ఊళ్ళో ఆపరేషను కూడా అయిపోయింది నీకు."

"కండక్టరుకు ఎవరు చెప్పారు?"

పంచ స్తంభం పక్కనుంచి మాణిక్యమ్మ లేచింది. "నేనేరా. నిన్న గుడికని చెప్పి, రిక్షా ఎక్కి బస్టాండుకు పోయాను. మన ఊరి కండక్టరు కనిపిస్తే, ఇంటికి రొట్టెలొచ్చాయని చెప్పి, తమ్ముణ్ణి ఒకసారి వచ్చి చూసిపొమ్మని కబురు పెట్టాను."

"ఎందుకమ్మా?"

మాణిక్యమ్మ కొడుకు వంక కాదు, కోడలి వంక చూసింది. పొద్దున్నుంచి మొదటిసారి.

"నెలరోజులై వీడు రాత్రిళ్ళు అన్నం మానేశాడు."

"పొట్ట పెరుగుతోందని మానేశానమ్మా!"

"మొన్న డాక్టరు దగ్గరికి పోయొచ్చావు."

"కళ్ళజోడుకు!"

"నాకెవరు చెప్పారురా? నిన్న చూస్తే నాలుగు రొట్టెలు. ఒక్కటి కాదు, నాలుగు! పార్టీ అంటారు, టీ అంటారు. ముసలిదానికి చెబితే తట్టుకోలేదని దాస్తున్నారనుకున్నాను." ఆవిడ స్తంభం పట్టుకుంది. "మీ నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడూ ఏం లేదనే చెప్పారు నాకు. రొట్టె తెచ్చి పాలల్లో ముంచి పెట్టమన్నారు. ఒక ముక్క తిన్నాడు, రెండో ముక్క నా చేతిలోనే ఉండిపోయింది. అప్పట్నుంచీ ఆ వాసన ఇంట్లోకి వస్తే నాకు కాళ్ళాడవు. రాత్రంతా ఆ అలమర వంకే చూస్తూ పడుకున్నాను. తెల్లారగానే తీసుకుపోయి గేదెకు పెట్టేశాను. పీడ పోయిందనుకున్నాను."

అమలమ్మ కళ్ళొత్తుకుంది.

రాజ్యలక్ష్మికి తన మీద తనకే అసహ్యం వేసింది. కావాలనే చేశారు అన్న మాట చెవుల్లో గింగురుమంది. గబగబా వెళ్ళి అత్తగారి చెయ్యి పట్టుకుంది. "ఒక్కమాట నాతో అనకూడదా అత్తయ్యా?"

"అంటే నవ్వుతావని అనలేదు."

"నవ్వేదాన్నే" అంది రాజ్యలక్ష్మి. అని ఏడ్చింది. అత్తగారు కొంగుతో ఆవిడ మొహం తుడిచి, "ఛీ, కాటుకంతా కారింది, ఆ జడ్జిగారి పెళ్ళాం జడుసుకుంటుంది" అంది.

గడియారం మూడు కొట్టింది. కృష్ణారావు పెళ్ళాన్ని పక్కకు పిలిచాడు.

"రాజ్యం, మావయ్యావాళ్ళను పెరట్లో జామచెట్టు కింద కూర్చోబెడదాం. చాపలు వేస్తాను. ఆవిడ వచ్చి వెళ్ళేదాకానేగా. ఈ సంతంతా చూస్తే గది చీరల కొట్టుకే."

రాజ్యలక్ష్మి పంచలోకి చూసింది. వెంకటప్పయ్య భార్య చెప్పులు చేత్తో పట్టుకుని, ఎక్కడ విడవాలో తెలియక నిలబడి ఉంది. కాళ్ళు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి.

"మీకోసం ఆసుపత్రంతా వెతికారండీ వాళ్ళు. పెరట్లో దాస్తారా?"

"మరి గది?"

నల్లబల్ల ఒక్కసారి ఆవిడ కళ్ళముందు మెదిలింది. "ఇంటికొచ్చినవాళ్ళను దాచిపెట్టి తెచ్చుకునే గది నాకొద్దు" అంది. గట్టిగానే అంది. "బాబాయిగారూ, పిన్నిగారూ, లోపలికి రండి! కాళ్ళు కడుక్కోండి. సాయంత్రం టీకి మీరూ ఉంటున్నారు."

వెంకటప్పయ్య కండువా దులుపుకున్నాడు. "ఉంటాంలేమ్మా. ముందు ఇవి ఎక్కడ పెట్టమంటావు?"

ఇవి అన్నది ఆయన చేతిసంచి. దాంట్లోంచి మైనపు కాగితం చుట్టిన రొట్టె ఒకటి తీశాడు. రత్తయ్య తన సంచిలోంచి రెండు తీశాడు. ఊరివాళ్ళు తలా ఒకటి. పంచలో బల్ల మీద ఏడు రొట్టెలు వరసగా కూర్చున్నాయి.

అమలమ్మ కెవ్వుమంది. "ఎక్కడ దొరికాయండీ? ఊరంతా గాలించారు ఈయన!"

"ఎక్కడేమిటమ్మా? ఆసుపత్రి ముందు. రొట్టె అక్కడ కాక ఇంకెక్కడ అమ్ముతారు?" అన్నాడు వెంకటప్పయ్య ఆశ్చర్యంగా.

కృష్ణారావు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. బి.కాం. చదివిన బుర్రకు తట్టలేదది.

ఇక చూడాలి ఆ ఇల్లు! వెంకటప్పయ్య అరుగు మీద చతికిలపడి వెన్న పూయడానికి కూర్చున్నాడు. దూలానికి సున్నం కొట్టినట్టు దిట్టంగా పట్టిస్తుంటే, "పల్చగా బాబాయిగారూ, పల్చగా!" అని అమలమ్మ మొత్తుకుంటోంది. ఆయన భార్య కీరదోసకాయలు చక్రాలు తరిగింది. ఊరివాళ్ళలో ఇద్దరు కొత్తిమీర ఒలిచారు. మాణిక్యమ్మ రోట్లో పచ్చడి నూరింది, "ఉప్పు చూడవే" అని కోడలి నోటికి అందించింది. కృష్ణారావు బోండాలు కొట్టి అందరికీ నీళ్ళు తాగించాడు.

రత్తయ్యకు అంచులు కోసే పని పడింది. ఆయనకు మనసొప్పడం లేదు. "గట్టి భాగమంతా తీసి పారేసి మెత్తటిది పెడతారా? ఇదేం తిండమ్మా!"

"పారెయ్యక్కర్లేదులేరా, సాయంత్రం గేదె వస్తుంది. రుచి మరిగింది" అంది మాణిక్యమ్మ. పొద్దున్నుంచి ఆ ఇంట్లో లేని నవ్వు ఒక్కసారిగా పొంగింది.

నవ్వు ఇంకా సద్దుమణగకముందే గేటు ముందు కారాగింది.

సంపూర్ణమ్మగారు తెల్లచీర, బంగారు కళ్ళద్దాలు, చేతిలో సంచితో మెట్లెక్కారు. వెంట ఇద్దరు ఆడవాళ్ళు. పంచలో నిండా మనుషులు. వెంకటప్పయ్య మీసానికి వెన్న. రత్తయ్య ఒళ్ళో రొట్టె అంచుల గుట్ట. బల్ల మీద ముళ్ళపంది. కిటికీలో బత్తాయిలు, హార్లిక్సు సీసా.

ఆవిడ చూపు హార్లిక్సు దగ్గర ఆగింది. మొహంలో నవ్వు పోయింది.

"అయ్యో, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా? చెబితే ఇంకో రోజు వచ్చేదాన్ని కదమ్మాయ్!"

రాజ్యలక్ష్మి నోరు తెరిచింది. అబద్ధం ఒకటి సిద్ధంగానే ఉంది. ఈలోపల మాణిక్యమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది.

"నాకేనమ్మా బాగాలేనిది. భయం జబ్బు. రొట్టెను చూసి కొడుక్కి ఏదో అయిందని బెదిరిపోయి, ఊరంతా పిలిపించుకున్నాను. మీకోసం మా కోడలు తెప్పించిన రొట్టెలు గేదెకు పెట్టేశాను. ఇవి మావాళ్ళు రోగికని తెచ్చినవి. తప్పు నాది, దానిది కాదు. ఇష్టమైతే తినండి, లేకపోతే లేదు."

కృష్ణారావు కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, గది పోయింది అనుకుంది రాజ్యలక్ష్మి.

సంపూర్ణమ్మగారు కుర్చీలో కూర్చుని పళ్ళెంలోంచి ఒక శాండ్‌విచ్ తీసుకున్నారు. నెమ్మదిగా తిన్నారు. ఇంకోటి తీసుకున్నారు. "పచ్చడి ఎవరు నూరారు?"

"మా అత్తయ్యండీ."

"వెన్న?"

"నేనండీ" అన్నాడు వెంకటప్పయ్య బెరుగ్గా. "ఎక్కువైందా అండీ?"

"ఎక్కువైంది. బాగుంది." అప్పుడు నవ్వారావిడ. కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వు. "మా ఆయన పోయేముందు నెల్లాళ్ళూ మా ఇంటికి ఒక్క మనిషి రాలేదు. ఎవరికీ కబురు పెట్టలేదు నేను. పరువనుకున్నాను." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "పిల్లలకు జ్వరమొస్తే కబురు పెట్టే మనిషీ, పరుగెత్తుకొచ్చే మనుషులూ ఉన్న ఇల్లు ఇది. బడికి ఇంకేం కావాలి?"

సంచిలోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. రాజ్యలక్ష్మి చెయ్యి దానంతటదే ముందుకు కదిలింది.

"ఆగు. నాదొక ప్రశ్న ఉంది. నీకు కాదు, పెద్దావిడకి." సంపూర్ణమ్మగారు మాణిక్యమ్మ వైపు తిరిగారు. "మీ కోడలు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటుంది. మీకు ఇష్టమేనా? ఇంట్లో పెద్దవాళ్ళకు గిట్టని బడి నెల తిరక్కుండా మూతబడుతుంది, అట్లాంటివి చూశాను. మీ నోటితో చెప్పండి. ఊఁ అంటే ఈ తాళంచెవి మీ కోడలిది. కాదంటే నా సంచిలోకి పోతుంది."

పంచ అంతా మాణిక్యమ్మ వంక తిరిగింది. ఆవిడ మాత్రం తాళంచెవి వంక చూడలేదు. బల్ల దగ్గరికి వచ్చి, పళ్ళెంలో శాండ్‌విచ్ ఒకటి తీసుకుంది. చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది.

"అక్కయ్యా, వద్దులే" అన్నాడు వెంకటప్పయ్య మెల్లగా.

ఆవిడ కొరికింది. నమిలింది. కళ్ళల్లోంచి నీళ్ళు జారాయి, అయినా నమలడం మానలేదు. ముక్క పూర్తిచేసింది. పళ్ళెంలోంచి రెండో ముక్క తీసుకుని, అదీ తిన్నది.

"జబ్బు లేనప్పుడు తింటే బాగానే ఉంటుందే ఇది" అంది.

కొంగుతో మూతి తుడుచుకుని, బల్ల మీద తాళంచెవి అందుకుంది. ఇంటి తాళాల గుత్తితో పాటు దాన్నీ బొడ్లో దోపుకుంది.

"అత్తయ్యా!" అంది రాజ్యలక్ష్మి.

"రేప్పొద్దున్న ముందు నేను చూసొస్తాను ఆ గది" అంది మాణిక్యమ్మ. "పిల్లలు జారిపడే గచ్చయితే మాత్రం, ఈ తాళంచెవి నేనెవరికీ ఇవ్వను."